మఫ్టీ బండిని గుర్తుపట్టని ఒకే ఒక్కడు

రిటైరై ఇంట్లో కూర్చున్నాక నన్ను జనం ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. పోలీసు అని రాసి లేని పోలీసు కారును రోడ్డు మీద గుర్తుపట్టడం ఎలా? హెల్మెట్ లేకుండా తిరిగే కుర్రాళ్లు అడుగుతారు. సీటు బెల్టు పెట్టుకోని పెద్దమనుషులు అడుగుతారు. మొన్న ఒక పెళ్లి భోజనంలో పక్కన కూర్చున్న బ్యాంకాయన సాంబారు కలుపుకుంటూ అడిగాడు. ముప్పై ఏళ్లకు పైగా శాఖలో డ్రైవరుగా చేసినవాడికి ఇంతకంటే పనికొచ్చే విషయం ఇంకేదీ తెలియదని వీళ్ల ఉద్దేశం కాబోలు.

శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను గనక, జవాబు ముందే చెప్పేస్తాను. గుర్తుపట్టడం చాలా తేలిక. శ్రీకాకుళం జిల్లా మొత్తంలో మా మఫ్టీ బండిని గుర్తుపట్టలేని మనిషి నాకు ఒక్కడే తగిలాడు. అతను చేపల వ్యాను తోలుకునేవాడు. దాంతో అతని లైసెన్సు పోయింది, అతని భార్య చేతివేళ్లు పోయాయి. వేళ్లు పోయిన రోజున స్టీరింగు నా చేతిలో ఉంది. లైసెన్సు పోయిన కాగితం మీద నా సంతకం ఉంది.

రాష్ట్రం విడిపోవడానికి కాస్త ముందు సంగతి ఇది. టెక్కలి నుంచి రణస్థలం దాకా హైవే మీద దొంగ పోలీసులు బయల్దేరారు. తెల్లకారులో ముగ్గురు మనుషులు వచ్చేవారు. పొద్దుటిపూట చేపల వ్యాన్లను, కూరగాయల ఆటోలను ఆపి, కాగితాలు చూపించమని కిందకి దింపి, ఉన్నదంతా ఊడ్చుకుపోయేవారు. జనం వాళ్లను చూసి ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. గుబురుమీసాలు, పొట్టి క్రాపులు, డ్యాష్‌బోర్డు మీద లాఠీ, నోరు తెరిస్తే బూతులు, ఇంకేం కావాలి? అసలు పోలీసులకంటే వాళ్లే పోలీసుల్లా ఉండేవారట.

వాళ్లను పట్టుకోమని మాకు ఒక మఫ్టీ బండి ఇచ్చారు. అందులో ముగ్గురం. ఒకరు ఎస్సై గారు, ట్రైనింగు ముగించుకుని వచ్చి ఏడాది కాలేదు, మంచి చదువరి, నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. రెండోవాడు మా మీసాల కానిస్టేబులు. ఇరవయ్యేళ్ల సర్వీసులో అతను రోడ్డు మీద మనుషులతో వాడిన మాట ఒక్కటే, "ఆపు". మూడోవాణ్ని నేను.

బండి తెల్లది. నంబరు ప్లేటు మామూలు మనుషులదే. నీలం రంగు గీత లేదు, పోలీసు అనే మాట ఎక్కడా లేదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ సీట్ల మీద తెల్ల టర్కీ టవళ్లు పరిచి ఉన్నాయి. వెనకాల వైర్‌లెస్ ఏరియల్ ఈటెలా నిలబడి ఉంది. లోపల ముగ్గురికీ ఒకే మంగలి చేసిన ఒకే క్రాపు. ముగ్గురిలో ఒక్కడూ బెల్టు పెట్టుకోడు. ఎదురొచ్చే లారీలు మమ్మల్ని చూసి స్పీడు తగ్గించేవి, క్లీనర్లు నవ్వుతూ నమస్కారం పెట్టేవారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుండేది మా రహస్యం.

ఒకరోజు దొంగల కారు కళింగపట్నం వైపు వెళ్లిందని తెలిసి మేమూ వెళ్లాం. బేరానికి వచ్చిన చేపల వ్యాపారుల్లా కనబడాలని ఎస్సై గారి ఆలోచన. మీసాలాయన లుంగీ కట్టాడు. ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎస్సై బావూ, కారు ఎండలో ఎట్టీసినారు, ఏడెక్కిపోతాది. అలగ నీడకి తెమ్మనండి" అంది.

ఎస్సై గారి ముఖం మాడిపోయింది. "మేం పోలీసులమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"సెప్పీదేటి బావూ? లుంగీ కింద ఎర్రబూట్లు ఏసుకున్నోడు ఇంకెవుడౌతాడు?"

తిరిగి వస్తుంటే కారులో మీసాలాయన, చెప్పులు వేసుకుంటే కాళ్లకు గాలి తగిలి జలుబు చేస్తుందని ఏదో గొణిగాడు.

దీన్ని మించినది దసరాకు జరిగింది. మా మోటారు సెక్షన్లో ప్రతి దసరాకీ ఆయుధపూజ చేస్తారు. మైదానంలో బళ్లన్నీ వరసగా నిలబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, దండలు వేసి, గుమ్మడికాయ కొడతారు. ఊళ్లో జనం ప్రహరీ గోడెక్కి చూస్తారు. ఈ బండిని మాత్రం బయటికి తీయొద్దని, అది మఫ్టీ బండి అని నేను సెక్షన్ అధికారికి చెప్పాను. ఆయన నన్ను నాస్తికుణ్ని చూసినట్టు చూశాడు.

"అమ్మవారి దగ్గర మఫ్టీ ఏమిటయ్యా? పూజ లేని బండికి రేపేమైనా అయితే నువ్వు పూచీనా?"

నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. పూజ చేయని బండి స్టీరింగు పట్టుకోవడానికి ఏ డ్రైవరుకు చేతులొస్తాయి? తీసుకెళ్లి లైన్లో పెట్టాను. ఖైదీల వ్యానుకీ, పెద్ద సారు కారుకీ మధ్య పెట్టాను. బానెట్ మీద కుంకుమ బొట్లు కూడా నేనే పెట్టాను. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో పెద్ద ఫోటో పడింది. అందులో అన్నిటికంటే స్పష్టంగా కనిపించింది మా బండి నంబరే. నరసన్నపేటలో టీ కొట్టతను ఆ ఫోటో కత్తిరించి సీసాల వెనకాల అంటించుకున్నాడు. "మీ కారు మా బాగా పడ్డాది బావూ" అన్నాడు. పడదా మరి.

ఎస్సై గారికి తల కొట్టేసినట్టయింది. నాకు పంతం వచ్చింది. మోటారు షెడ్డులో రెండు రోజులు కూర్చుని ఆ బండికి కొత్త జన్మ ఇచ్చాను. నంబరు ప్లేటు మార్పించాను. టవళ్లు తీసేశాను, ఏరియల్ పీకేశాను. సీటు కింద దాచిన ఎర్రబుగ్గ తీసేశాను, బానెట్ కింద సైరను కూడా విప్పి స్టోరుకు అప్పగించాను. వెనక అద్దం మీద 'అమ్మ దీవెన' అని అంటించి, ముందర నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, పైన రెండు ఊక బస్తాలు వేశాను. మీసం తీయడానికి మీసాలాయన ఒప్పుకోలేదు గాని తలకు తుండు చుట్టాడు. మూడో రోజున మా చెక్‌పోస్టు దగ్గర మా హోంగార్డే మమ్మల్ని ఆపి కాగితాలు అడిగాడు. మా ఆనందానికి అంతు లేదు. ఎస్సై గారు ముగ్గురికీ సోడాలు తెప్పించాడు.

ఆ వారంలోనే ఇంకో మంచిపని కూడా చేశాం. భావనపాడు వెళ్లి చేపల వ్యాపారులతో మీటింగు పెట్టాం. మఫ్టీ బండి అక్కడివాళ్ల కళ్లబడకూడదని స్టేషను జీపులో, యూనిఫాంలో వెళ్లాం. అంత జాగ్రత్త మాది. ఎస్సై గారు వాళ్లకు ఓపిగ్గా చెప్పాడు. పోలీసు అని రాసి లేని కారు ఏది ఆపమన్నా ఆపొద్దు. లాఠీ చూపించినా, తిట్టినా, వెంటబడినా ఆపొద్దు. గట్టిగా తోలుకుని తిన్నగా ఏదో ఒక స్టేషనుకు పొండి.

అక్కడ ముందు వరసలో మొగుడూ పెళ్లాం కూర్చున్నారు. వాళ్లది సొంత వ్యాను. భావనపాడులో సరుకు ఎక్కించుకుని, ఐసు వేసి, ఆమదాలవలస స్టేషనుకు తీసుకెళ్లి రైలెక్కించేవారు. దొంగ పోలీసుల చేతిలో ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు. భార్య లేచి అడిగింది.

"మరి నిజెం పోలీసోలే ఆపితే ఏటి సేయమంటారు బావూ?"

"నిజం పోలీసులైతే బండి మీద రాసి ఉంటుందమ్మా" అన్నాడు ఎస్సై గారు. నేను పక్కనే నిలబడి తలూపాను.

చూశారా పిల్లలూ. సోమవారం నాడు బండి మీద ఉన్న గుర్తులన్నీ పీకాం. గురువారం నాడు గుర్తు లేని బండికి ఆగొద్దని చెప్పాం. ఒకదానికొకటి ఎదురు తగులుతాయని ముగ్గురిలో ఒక్కడి బుర్రకూ తట్టలేదు. జీతాలు మాత్రం ముగ్గురమూ పుచ్చుకున్నాం.

తరవాతి వారం, పొద్దున్న ఎనిమిదిన్నర ప్రాంతంలో కోటబొమ్మాళి దాటి నరసన్నపేట వైపు వెళ్తున్నాం. ముందర ఒక చేపల వ్యాను పోతోంది. ఐసు నీళ్లు రోడ్డు మీద గీతలా కారుతున్నాయి. వెనకాల ఎడమ చక్రం ఊగుతోంది. పంక్చరు వేయించుకుని నట్లు సరిగా బిగించలేదని డ్రైవరన్నవాడికి చూడగానే తెలుస్తుంది. ఇంకో రెండు మూడు కిలోమీటర్లు కూడా వెళ్లదు. ఎస్సై గారికి చెప్పాను. "అయ్యో, ఆపండి, చెబుదాం" అన్నాడు. ఆయన బుద్ధి మంచిదే. ఆ ఉదయం మా ముగ్గురి బుద్ధీ మంచిదే.

మన హైవే మీద దీనికి ఒక పద్ధతి ఉంది. ముందు బండి చక్రం బాగాలేదని చూసిన లారీవాడు పక్కకు వచ్చి, చెయ్యి బయట పెట్టి, చక్రం వైపు వేలు చూపించి గుండ్రంగా తిప్పుతాడు. అవతలివాడికి అర్థమైపోతుంది. మాట అక్కర్లేదు, భాష అక్కర్లేదు. ఒడిశా లారీవాడూ అదే చేస్తాడు, మనవాడూ అదే చేస్తాడు. ఈ లోకంలో వేలు తిప్పడం తెలియనివాళ్లం మేమే. నేను హారన్ కొట్టుకుంటూ వ్యాను పక్కకు తెచ్చాను. మీసాలాయన నడుం దాకా కిటికీలోంచి బయటికొచ్చి, లాఠీ ఊపుతూ, "ఆపరా, ఆపు" అని అరిచాడు.

వ్యాను నడుపుతున్నవాడు మావైపు తిరిగాడు. భావనపాడు మీటింగులో ముందు వరసలో కూర్చున్నవాడే. నేను అతన్ని గుర్తుపట్టాను. అతను నన్ను గుర్తుపట్టలేదు. పక్కనుంచి భార్య ఏదో అంది. అతను యాక్సిలరేటర్ తొక్కాడు.

అప్పుడు నేను బండి నెమ్మది చేసి ఉండాలి. వెనక్కి తగ్గిపోతే అతను కూడా తగ్గేవాడేమో. నేను ఇంకా తొక్కాను. ఎస్సై గారు అడ్డం పెట్టమన్నాడు, మీసాలాయన ఇంకా గట్టిగా అరిచాడు. మేం ఎంత తరిమితే అతను అంత పరిగెత్తాడు. సైరను వేద్దామని నా చెయ్యి దానంతటదే స్విచ్చి దగ్గరికి వెళ్లింది. అక్కడ కన్నమే ఉంది.

చక్రం ఊడి వ్యాను కంటే ముందు దొర్లుకుంటూ పోయింది. వ్యాను ఒక పక్కకు ఒరిగి, రోడ్డును గీరుకుంటూ వెళ్లి కాలవ గట్టు కింద పడింది. రోడ్డంతా ఐసు, చేపలు. మేం దిగి పరిగెత్తేసరికి అతను తలుపులోంచి పైకి వచ్చాడు, నుదుటి మీద నెత్తురు. మీసాలాయన చేతిలో లాఠీ చూసి రెండు చేతులూ జోడించాడు.

"ఉన్నదంతా అట్టుకెల్లిపోండి బావూ. ఆడమనిషిని ముట్టకండి."

"మేం పోలీసులమయ్యా" అన్నాను.

"అప్పుడొచ్చినోలూ అలగే అన్నారు బావూ."

ఆమె కుడిచెయ్యి తలుపు కింద ఉంది. నలుగురు పొలం మనుషులు వచ్చి పట్టుకుంటే గాని తలుపు లేవలేదు. మా బండిలోనే శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడు వేళ్లు తీసేశారు. చేపలు కోసే చెయ్యి అది. ఆసుపత్రి వరండాలో మీసాలాయన తలకున్న తుండు విప్పి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అతను ఏడవడం నేను అదొక్కసారే చూశాను.

సాయంత్రానికి పై అధికారి వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. కూర్చుని రైటరుకు చెప్పి రాయించాడు. డ్యూటీలో ఉన్న పోలీసు సిబ్బంది సైరను మోగించి, పోలీసులమని తెలియజేసి, ఆపమని కోరగా, సదరు డ్రైవరు లెక్కచేయక అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ప్రమాదానికి కారకుడయ్యాడని. కేసు అతని మీద. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"సైరను స్టోరులో ఉందండి" అన్నాను.

"నీకు పెన్షన్ ఎక్కడుంది?" అన్నాడాయన.

ఎస్సై గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అటు తిరిగే, "గురువుగారూ, పెట్టేయండి. ఒక్క లైనే కదా" అన్నాడు. నేను ఆ కుర్రాడిని తప్పుపట్టను. సంతకం పెట్టమన్నది అతను, పెట్టింది నేను. ఈ నాటకమంతా ఎందుకని కోపం మాత్రం వచ్చింది. వాళ్ల మీద వచ్చింది, నా మీద వచ్చింది. కోపం వస్తూండగానే సంతకం పెట్టాను. నా వాంగ్మూలమని రాసిన ఆ కాగితంలో నా మాట ఒక్కటీ లేదు. లైసెన్సు ఆ రోజే తీసుకున్నారు.

దొంగ పోలీసుల సంగతి అడుగుతారేమో. నెల తిరక్కుండానే విజయనగరం జిల్లా వైపు భోగాపురం దగ్గర దొరికిపోయారు. పట్టించింది ఒక టీ దుకాణం ఆవిడ. ముగ్గురు పోలీసులు టీ తాగి, ఎంతైందని అడిగి మరీ డబ్బులిచ్చారట. ఆవిడకు వెంటనే అనుమానం వచ్చింది. అటుగా యూనిఫాంలో మోటారుసైకిలు మీద పోతున్న ఒక కానిస్టేబులుకు చెప్పింది, అతను స్టేషనుకు ఫోను చేశాడు, అయిపోయింది. నాలుగు నెలలు మేం వేసిన వేషాలన్నీ అలా ముగిశాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వ్యానతని కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది. ఒకసారి ఒక అధికారిని తీసుకురావడానికి ఆమదాలవలస స్టేషనుకు వెళ్లినప్పుడు అతన్ని చూశాను. వేరేవాళ్ల చేపల పెట్టెలు ప్లాట్‌ఫారం మీదికి మోస్తున్నాడు. యూనిఫాంలో ఉన్న నన్ను చూసి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఆ రోజు బండి తోలింది నేనేనని అతను గుర్తుపట్టలేదు. అతనిచ్చిన దారిలోనే నడిచి వెళ్లిపోయాను.

దాదాపు రెండేళ్లకు నా సాక్ష్యం వచ్చింది. ముందురోజే ప్రభుత్వ వకీలు నన్ను కూర్చోబెట్టి కాగితంలో ఉన్నది రెండుసార్లు చదివించాడు. బోనెక్కి సగం వరకూ అలాగే చెప్పాను. మేజిస్ట్రేటు గారు ఒక ఆడమనిషి. ఆవిడ రాసుకుంటున్నది ఆపి, మామూలుగా అడిగింది.

"అది పోలీసు బండి అని ఇతనికి ఎలా తెలుస్తుంది?"

కాగితంలో దానికి జవాబుంది. సైరను మోగింది అనాలి. నేను అతని వైపు చూశాను. పక్కన భార్య కుడిచెయ్యి కొంగులో దాచుకుని కూర్చుంది.

"తెలిసే దారి లేదండి" అన్నాను. "గుర్తులన్నీ నేనే పీకేశాను. సైరను స్టోరులో ఉంది. గుర్తు లేని బండికి ఆగొద్దని వారం ముందు వాళ్లకు చెప్పిందీ మేమే."

వకీలు నేను అడ్డం తిరిగిన సాక్షినని అన్నాడు. అననీ. నాలుగు ప్రశ్నలు గద్దించి అడిగాడు, నాలుగింటికీ అదే చెప్పాను. కిందకి దిగేసరికి నేనేదో ఘనకార్యం చేశానని అనిపించింది. దాచడమెందుకు, అనిపించింది.

వరండాలో వాళ్ల వకీలు ఇక కేసు నిలవదని, లైసెన్సు వచ్చేస్తుందని వాళ్లకు చెబుతున్నాడు. ఆ మాట విని వాళ్లు వచ్చి నాకు దండం పెడతారేమోనని నిలబడ్డాను. అతను రాలేదు. ఆమె వచ్చింది.

"ఈ మాట ఆ దినమే సెప్పుంటే కేసే నేకపోను గదా బావూ. ఎందుకు సెప్పనేదు?" అని అడిగింది. నిలదీసినట్టు లేదు. నిజంగా తెలియక అడిగినట్టుంది.

అబద్ధాలు చాలనిపించింది. "అప్పటికి నాకింకా రెండేళ్ల సర్వీసు ఉందమ్మా" అన్నాను.

"మరిప్పుడో?"

"ఇరవై రోజులు."

ఆమె అర్థమైనట్టు తలూపింది. ఆ ఊపుడుకి నాకు వేసినంత సిగ్గు బోనులో వెయ్యలేదు. వెనక్కి తిరిగి, మెట్ల మీద కూర్చున్న మొగుణ్ని ఎడమచేత్తో లేపింది.

"లెగు, ఎల్దాం. పెట్టెలు దించీ టయమయిపోనాది."